అమెరికాలో మూడో పార్టీ ఎందుకు నిలబడదు? మొదటిసారి ఓటేశాక వచ్చిన సందేహం

రమణ, ఇర్వింగ్ (టెక్సాస్):

అందరికీ నమస్కారం. 2024 నవంబరు ఎన్నికల్లో అమెరికాలో మొదటిసారి ఓటు వేశాను. సిటిజెన్‌షిప్ వచ్చిన ఏడాదే ఎన్నికలు రావడంతో ఇంట్లో పండగలా అనిపించింది. మెషిన్ ముందు నిలబడి చూస్తే ప్రెసిడెంట్ పదవికి ట్రంప్, హారిస్‌తో పాటు ఇంకో రెండు పేర్లున్నాయి. లిబర్టేరియన్ పార్టీ నుంచి చేజ్ ఆలివర్, గ్రీన్ పార్టీ నుంచి జిల్ స్టైన్. ఆలివర్ పేరు వినడం నాకు అదే మొదలు.

ఫోన్లో ఈ సంగతి చెబితే తెనాలిలో ఉన్న మా నాన్నగారు అడిగారు: "రామారావు 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యాడు. అంత పెద్ద దేశంలో అలాంటి మొనగాడే లేడా?" నాకు జవాబు తోచలేదు. డబ్బు లేకనా అంటే, 1992లో ప్రెసిడెంట్‌కి సొంతంగా పోటీ చేసిన కోటీశ్వరుడు రాస్ పెరో దగ్గర డబ్బుకి కొదవ లేదు కదా. అసలు ఇక్కడ మూడో పార్టీ ఎప్పుడైనా గెలిచిందా? చరిత్ర తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

శిరీష, న్యూజెర్సీ:

రమణ గారూ, పెరో గురించి మీరే అన్నారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. ఆయనకి 1992లో దాదాపు 1.97 కోట్ల ఓట్లు పడ్డాయి, అంటే 18.9 శాతం. ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. ప్రెసిడెంట్‌ని తేల్చేవి అవే, దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఫస్ట్ వచ్చినవాడికే ఆ రాష్ట్రం వాటా మొత్తం పోతుంది. దేశమంతా ఓట్లు వచ్చినా ఏ ఒక్క రాష్ట్రంలోనూ ఫస్ట్ రాలేదు.

1948 చూడండి. రెండు వేర్వేరు చిన్న పార్టీల నుంచి ప్రెసిడెంట్‌కి నిలబడ్డ స్ట్రామ్ థర్మండ్‌కి, హెన్రీ వాలెస్‌కి ఇంచుమించు సమానంగా, చెరో 2.4 శాతం ఓట్లు వచ్చాయి. థర్మండ్‌కి 39 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి, వాలెస్‌కి ఒక్కటీ రాలేదు. థర్మండ్ ఓట్లన్నీ దక్షిణాదిలో పోగుపడి నాలుగు రాష్ట్రాలు గెలిచాడు. వాలెస్ ఓట్లు దేశమంతా చెల్లాచెదురయ్యాయి. ఎన్ని ఓట్లు వచ్చాయన్నది కాదు, ఎక్కడ వచ్చాయన్నదే ఇక్కడ లెక్క.

వెంకటేశ్వర్లు, సెయింట్ పాల్ (మిన్నెసోటా):

రమణ గారూ, అలాంటి మొనగాడు లేడా అన్నారు కదా నాన్నగారు, ఒకాయన్ని నేను కళ్లారా చూశాను. 1997లో వైటూకే (2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు చెడకుండా సరిచేసే) పని మీద హైదరాబాద్ నుంచి ఈ ఊరొచ్చాను. మరుసటి ఏడాది నవంబరులో రిఫార్మ్ పార్టీ తరఫున జెస్సీ వెంచురా గవర్నర్‌గా గెలిచాడు. రెజ్లర్‌గా పేరున్న మనిషి, అంతకుముందు బ్రూక్లిన్ పార్క్ అనే ఊరికి మేయర్‌గా చేశాడు. 37 శాతం ఓట్లతో రిపబ్లికన్‌నీ డెమోక్రాట్‌నీ ఓడించాడు. మర్నాడు ఆఫీసులో ఎవరూ కోడ్ ముట్టుకోలేదు, మధ్యాహ్నం దాకా అదే కబురు.

అందరూ అతని గ్లామర్ గురించే మాట్లాడారు. మా టీమ్‌లో రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉండేవారు, పడమటి మిన్నెసోటాలో గోధుమ రైతు కొడుకు. ఆయన మాత్రం నన్ను పక్కకి పిలిచి, "గ్లామర్ తర్వాత సంగతి. ముందు బ్యాలెట్ మీద అతని పార్టీకి చోటెలా వచ్చిందో చూడు" అన్నారు. నాలుగేళ్ల ముందు, 1994లో, డీన్ బార్క్లీ అనే లాయరు అదే గుంపు తరఫున సెనేట్‌కి నిలబడి ఓడిపోయాడు. కానీ 5 శాతం దాటాడు. అప్పటి ఈ రాష్ట్ర చట్టం ప్రకారం 5 శాతం దాటితే ఆ పార్టీకి పెద్ద పార్టీ హోదా వస్తుంది. సంతకాల కోసం ఊరూరా తిరగక్కర్లేదు, ప్రచారానికి ప్రభుత్వ నిధి కూడా దొరుకుతుంది. వెంచురా గెలుపు కింద ఆ ఓడిపోయిన మనిషి ఉన్నాడు.

కొన్నాళ్లకి ఆ పెద్దాయన ఇంటికి భోజనానికి పిలిచి, బైబిల్ మధ్యలోంచి ఒక కాగితం తీసి చూపించారు. జానెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు. పైన ప్రెసిడెంట్‌గా లింకన్ పేరు, వైస్ ప్రెసిడెంట్‌గా హామ్లిన్ పేరు, కింద రాష్ట్రం తరఫున ఎలక్టోరల్ ఓటు వేసే నలుగురు ఎలక్టర్ల పేర్లు. 1860లో వాళ్ల తాతగారి తండ్రి పోలింగ్‌కి తీసుకెళ్లగా మిగిలిన కాగితమట. అది ప్రభుత్వం అచ్చేసింది కాదు, పార్టీ అచ్చేసి పంచిపెట్టింది! ఆ రోజుల్లో అంతే. ఎవరి పార్టీ కాగితం వాళ్లు అచ్చు వేయించుకునేవాళ్లు, ఓటరు దాన్ని తీసుకెళ్లి పెట్టెలో వేసేవాడు. రంగు కాగితాలు వాడేవాళ్లు కాబట్టి ఎవరు ఎవరికి వేశారో ఊరందరికీ తెలిసిపోయేది. డబ్బులిచ్చి కొనడం, బెదిరించడం మామూలు.

కానీ ఒక్కటి గమనించండి. అచ్చు యంత్రం ఉంటే చాలు, కొత్త పార్టీ పెట్టొచ్చు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 1840లో బానిసత్వాన్ని వ్యతిరేకిస్తూ లిబర్టీ పార్టీ నిలబడితే దేశం మొత్తం మీద 7 వేల ఓట్లు వచ్చాయి. 1848లో, కొత్త భూముల్లోకి బానిసత్వం రాకూడదన్న ఫ్రీ సాయిల్ పార్టీకి 10 శాతం. 1854లో కాన్సస్–నెబ్రాస్కా చట్టంతో కొత్త భూముల్లోకి బానిసత్వం వచ్చే దారి తెరుచుకుంది. అది ఇంకా బిల్లుగా ఉండగానే దాని మీద మండిపడ్డవాళ్లు ఆ మార్చి 20న విస్కాన్సిన్‌లోని రిపన్ అనే చిన్న ఊళ్లో బడి గదిలో కూడారు, జూలై 6న మిషిగన్‌లోని జాక్సన్‌లో ఓక్ చెట్ల కింద సభ పెట్టారు. అదే రిపబ్లికన్ పార్టీ. ఆరేళ్లు తిరిగేసరికి లింకన్ ప్రెసిడెంట్. ఆయనకి వచ్చింది 40 శాతం లోపే, ఎదుటివాళ్ల ఓట్లు మూడు ముక్కలయ్యాయి. కాబట్టి రమణ గారూ, గెలిచిందా అంటే గెలిచింది. ఈరోజు మనం పాత పార్టీ అనుకుంటున్నది ఒకప్పటి కొత్త పార్టీయే. దాని కింద పడి నలిగిపోయింది అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ.

1888లో మసాచుసెట్స్‌తో మొదలుపెట్టి రాష్ట్రాలన్నీ ఒక్కొక్కటే ఆస్ట్రేలియా పద్ధతికి మారాయి. ప్రభుత్వమే ఒకే బ్యాలెట్ అచ్చేయడం, రహస్యంగా ఓటు వేయడం. చాలా మంచి మార్పు, నేను కాదనను. కాకపోతే ఆ కాగితం మీద ఎవరి పేరు ఉండాలో ఎవరు తేల్చాలి? చట్టం. ఆ చట్టం రాసేది ఎవరు? అసెంబ్లీల్లో కూర్చున్న రెండు పార్టీలు. మీ టెక్సాస్‌లోనే చూడండి, కొత్త పార్టీ బ్యాలెట్ ఎక్కాలంటే గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 1 శాతానికి సరిపడా సంతకాలు కావాలి. ఆ ఏడాది ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, ఓటేసినవాళ్ల సంతకం చెల్లదు. రాజకీయం మీద ఆసక్తి ఉన్నవాళ్లే కదా ప్రైమరీకి వెళ్లేది, వాళ్లనే తీసేస్తే ఎవరి గుమ్మం ఎక్కాలి?

కృష్ణారావు, గుంటూరు:

కాలేజీలో పాలిటిక్స్ చెప్పి రిటైరయ్యాను. వెంకటేశ్వర్లు గారు చెప్పింది బాగుంది కానీ ఒక సందేహం. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతి మన దగ్గరా ఉంది. అయినా ఇక్కడ పార్టీలు పుడుతూనే ఉన్నాయి. నేను క్లాసులో చెప్పిన కారణం ఏమిటంటే, మన దగ్గర ఒక రాష్ట్రంలో బలం ఉంటే చాలు, ఢిల్లీలో విలువ వస్తుంది. 1984లో కాంగ్రెస్ గాలిలో కూడా తెలుగుదేశం 30 సీట్లు తెచ్చుకుని లోక్‌సభలో రెండో పెద్ద పార్టీ అయింది. సీట్లుంటే ప్రభుత్వాన్ని నిలబెట్టొచ్చు, పడగొట్టొచ్చు. అమెరికాలో ప్రెసిడెంట్ ఎన్నిక వేరు. 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రాకపోతే హౌస్‌లో (మన లోక్‌సభ లాంటి సభలో) రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున తేలుస్తారు. అక్కడ ఒక రాష్ట్రం పార్టీ ఏం బేరమాడగలదు?

వెంకటేశ్వర్లు, సెయింట్ పాల్:

కృష్ణారావు గారూ, మీ మాట నిజం. అయితే మీరు చెప్పిన రాష్ట్ర పార్టీ ఇక్కడా పుట్టింది, మా మిన్నెసోటాలోనే. ఫార్మర్-లేబర్ పార్టీ. రైతులూ, కార్మికులూ కలిసి పెట్టుకున్నది. 1930లో ఫ్లాయిడ్ ఓల్సన్ ఆ పార్టీ నుంచి గవర్నర్ అయ్యాడు, వరసగా మూడుసార్లు గెలిచాడు, 1936లో పదవిలో ఉండగానే క్యాన్సర్‌తో పోయాడు. 1944లో పార్టీ డెమోక్రాట్లలో కలిసింది. అందుకే ఇప్పటికీ మా బ్యాలెట్ మీద డెమోక్రాట్ల పేరు "డెమోక్రటిక్-ఫార్మర్-లేబర్" అని ఉంటుంది. ఓటేసిన ప్రతిసారీ నా వేలు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

ఇంకో పెద్ద తేడా పొత్తు. మన దగ్గర సీట్లు పంచుకుంటారు. ఇక్కడ పాత రోజుల్లో ఒకే అభ్యర్థిని రెండు పార్టీలూ తమ తమ కాగితాల మీద వేసుకునేవి. రెండు చోట్లా పడ్డ ఓట్లు కలిపి లెక్కపెట్టేవాళ్లు. చిన్న పార్టీకి అదే ఊపిరి. ఓటు వృథా కాదు, తన బలం ఎంతో విడిగా కనపడుతుంది. బ్యాలెట్ అచ్చు ప్రభుత్వం చేతికి వచ్చాక, ఒక పేరు ఒక్కసారే అచ్చేస్తామని చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. న్యూయార్క్ లాంటి కొన్ని చోట్లే పాత పద్ధతి మిగిలింది. ఇదే సెయింట్ పాల్‌లో 1994లో న్యూ పార్టీ అనే చిన్న పార్టీ, డెమోక్రాట్ల ఎమ్మెల్యే అభ్యర్థినే తమ తరఫున కూడా వేసుకుంటామంటే అధికారులు ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో 6–3తో రాష్ట్రం గెలిచింది. నేను వచ్చిన ఏడాదే. నా దృష్టిలో ఈ దేశంలో చిన్న పార్టీలకి అసలు దెబ్బ అదే, డబ్బు దాని తర్వాతే.

రమణ, ఇర్వింగ్:

చాలా థాంక్స్ అండి. ఒక్కటే మిగిలింది. 2000లో ఫ్లోరిడాలో గ్రీన్ పార్టీ అభ్యర్థి నేడర్‌కి 97,488 ఓట్లు పడితే, బుష్ డెమోక్రాట్ గోర్ మీద 537 ఓట్లతో గెలిచాడు. అది చదివాక మూడో పార్టీకి వేస్తే తప్పు చేసినట్టేనేమో అని టెన్షన్ వస్తోంది.

వెంకటేశ్వర్లు, సెయింట్ పాల్:

ఆ భయం న్యాయమైనదే. గట్టి పోటీ ఉన్న రాష్ట్రంలో ఉంటే నేనూ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లో ఓటర్లు అభ్యర్థులకి ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టే పద్ధతి తెచ్చుకున్నది ఈ బాధ పడలేకే.

కానీ ఒమాహా సంగతి కూడా తెలుసుకోండి. 1892 జూలై 4న నెబ్రాస్కాలోని ఒమాహాలో పాపులిస్టులు అనే కొత్త పార్టీవాళ్లు సభ పెట్టుకున్నారు. పత్తికీ, గోధుమకీ ధర పడిపోయి, రైల్వే కిరాయిలు కట్టలేక, అప్పుల్లో మునిగిన రైతులు. మన పత్తి రైతుల్ని చూసి పెరిగినవాణ్ణి, వాళ్ల గురించి చదువుతుంటే పరాయివాళ్లలా అనిపించరు. ఎక్కువ సంపాదించేవాళ్లకి ఎక్కువ ఆదాయపు పన్ను ఉండాలన్నారు, సెనేటర్లని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నారు. ఆ ఏడాది వాళ్ల అభ్యర్థి జేమ్స్ వీవర్‌కి 10 లక్షలకు పైగా ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. 1896లో డెమోక్రాట్ల అభ్యర్థి బ్రయన్‌నే తామూ నిలబెట్టుకున్నారు, ఆయన ఓడిపోయాడు, ఆ తర్వాత పార్టీ కోలుకోలేదు. వాళ్లడిగిన ఆ రెండూ 1913లో రాజ్యాంగంలోకి ఎక్కాయి. వీవర్‌కి వేసినవాళ్ల ఓటు వృథా అనడానికి నాకు నోరు రాదు.

నన్ను బాగా బాధపెట్టేది మాత్రం ఇంకొకటి. అదే ఒమాహా తీర్మానాల్లో రహస్య బ్యాలెట్ కావాలని కూడా అడిగారు. నిజాయితీగా అడిగారు. ఆ బ్యాలెట్ పేరు చెప్పుకునే తర్వాత వాళ్ల పొత్తులకి తలుపులు మూశారు.

రమణ, ఇర్వింగ్:

రాత్రి నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. వీవర్ దగ్గర ఆపి, ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ లింకన్ కాగితం ఫోటో ఏమన్నా ఉంటే పెట్టమంటున్నారు.

వెంకటేశ్వర్లు, సెయింట్ పాల్:

అప్పట్లో ఫోటో తీయాలని తోచలేదండి. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. వాళ్లమ్మాయి ఇక్కడికి గంట దూరంలో ఉంటుంది. బైబిల్ ఆవిడ దగ్గరే ఉండాలి. ఈ ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను.