కళ్లజోడు పెట్టుకుంటే సూపర్‌మ్యాన్‌ని ఎవరూ గుర్తుపట్టరా?

అందరికీ నమస్కారం. మా పదేళ్ల బాబుకి పాత సూపర్‌మ్యాన్ కామిక్స్ చదివి వినిపిస్తున్నాను. 1964 ఫిబ్రవరి యాక్షన్ కామిక్స్ 309వ సంచికలో అమెరికా ప్రెసిడెంట్ కెనెడీయే క్లార్క్ కెంట్ (కళ్లజోడు పెట్టుకుని మామూలు విలేకరిగా తిరిగే సూపర్‌మ్యానే) వేషం వేసుకుని వస్తాడు, క్లార్క్, సూపర్‌మ్యాన్ ఇద్దరూ ఒకేచోట కనబడాలని! అది చదివి నేనే నోరెళ్లబెట్టాను. 1952లో ఓడలో ఒకే గదిలో ఉండాల్సి రావడంతో బ్యాట్‌మ్యాన్‌కి మాత్రం గుట్టు తెలిసిపోయింది.

మావాడు క్లార్క్ తోటి విలేకరి లోయిస్ లేన్ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇద్దరిదీ ఒకే ఆఫీసు కదా నాన్నా, ఒట్టి కళ్లజోడుకే ఎలా మోసపోతోంది?" అంటున్నాడు. 1950, 60ల కథల్లో దీనికి కారణం చెప్పిన సంచిక ఏదైనా ఉందా? గొంతు మార్చడం, నడక మార్చడం లాంటివి చూపించినా చాలు. నంబరు చెబితే వెతుక్కుంటాను. వాడికి ఏదో ఒకటి కల్పించి చెప్పడం నాకు ఇష్టం లేదండీ.