ఐలెట్ కణాల మార్పిడితో ఇన్సులిన్ నిజంగా ఆగుతుందా?

గోదారిగట్టు:
తమ్ముడికి టైప్ 1 షుగర్. 27 ఏళ్లు, 60 కిలోలు. షుగర్ 50కి పడిపోయినా చెమట, వణుకు ఏమీ తెలియడం లేదు. ఒక క్లినిక్ వాళ్లు ‘స్టెమ్ సెల్స్ మూడు సిట్టింగుల్లో ఎక్కిస్తాం, ఇన్సులిన్ మానేయొచ్చు’ అంటున్నారు. అమెరికాలో అనుమతి ఇచ్చిన కణ మార్పిడి ఇదేనా? ఎన్ని కణాలు కావాలి, ఎక్కడ పెడతారు?

ల్యాబ్‌కోటు:
కాదండీ, దానికీ దీనికీ సంబంధం లేదు. 2023 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది లాంటిడ్రా అనే కణ చికిత్సని. చనిపోయిన దాత క్లోమం నుంచి తీసిన ఐలెట్లు (ఇన్సులిన్ చేసే కణాల గుంపులు) అవి. టైప్ 1లో పదేపదే తీవ్రంగా లో అయ్యే పెద్దవాళ్లకే ఇస్తారు. పరీక్షించిన 30 మందిలో 21 మంది ఏడాదీ ఆపైన ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. ఐదుగురికి ఒక్క రోజు కూడా ఆగలేదు.

క్లోమంలో ఐలెట్ల వాటా ఒకటి రెండు శాతమే, కాబట్టి వేరుచేయడమే అసలు పని. క్లోమ నాళంలోంచి, కణజాలాన్ని కరిగించే కొలాజినేజ్ ఎంజైమ్‌ని చల్లగా ఎక్కిస్తారు. పైపొర ఎక్కడైనా చిరిగితే ఎంజైమ్ కారిపోయి ఆ భాగం కరగదు. తర్వాత ముక్కలు కోసి, గోళీలు వేసిన రికార్డి ఛాంబర్ అనే పాత్రలో 37 డిగ్రీల దగ్గర కుదుపుతారు. మధ్యమధ్యలో కాస్త ద్రవం తీసి డైథిజోన్ కలిపి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఇన్సులిన్ చేసే బీటా కణాల్లోని జింక్‌కి రంగు పట్టి ఐలెట్లు ఎర్రగా కనిపిస్తాయి. ఎరుపు చుట్టూ రంగు పట్టని కణజాలం ఇంకా అంటుకుని ఉండగానే ఆపేస్తే, గిరగిరా తిప్పి పొరలుగా విడదీసే సెంట్రిఫ్యూజ్‌లో ఆ బరువుతో కింది పొరలోకి పోయి వృథా. ఆలస్యమైతే ఐలెట్ అంచులు చెదిరి పొడైపోతుంది. ఈ అదను గడియారం చూసి పట్టేది కాదు.

సూదిమందు:
లెక్క నేను చెబుతా. కిలోకి కనీసం 5,000 ఐలెట్లు, ఇన్సులిన్ ఆగాలంటే 10,000 దరిదాపు. అంటే 60 కిలోలకి 6 లక్షలు. ఐలెట్లు రకరకాల సైజుల్లో ఉంటాయి కాబట్టి 150 మైక్రాన్ల సైజుకి సరిచేసిన లెక్క ఇది. ఒక్క క్లోమంతో అన్ని రావడం అరుదు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో డాక్టర్ షాపిరో బృందం ఏడుగురికి ఇన్సులిన్ ఆపింది కూడా ఒక్కొక్కరికి ఒకరికి మించిన దాతలతోనే.

ఎక్కించేది కాలేయంలోకి. సూదితో కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి కాథెటర్ గొట్టం పంపి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన సంచి నుంచి మెల్లగా వదులుతారు. సిరలో పీడనం బాగా పెరిగితే ఆపాలి, లేకపోతే రక్తం గడ్డకట్టొచ్చు. కాథెటర్ తీస్తూ దారి మూయకపోతే కడుపులోకి రక్తస్రావం. రక్తం తగలగానే మొదలయ్యే వాపు వల్ల సగం దాకా ఐలెట్లు తొలి రోజుల్లోనే పోతాయి. మిగిలినవాటికి రక్తనాళాలు అల్లుకునే దాకా ఇన్సులిన్ ఇస్తూనే ఉండాలి, వాటికి విశ్రాంతి కావాలి.

గోదారిగట్టు:
దాత కణాలని శరీరం తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందులు జీవితాంతం తప్పవా?

ల్యాబ్‌కోటు:
ఐలెట్లు పనిచేసినన్నాళ్లూ తప్పవు. తమాషా ఏంటంటే, ఆ మందుల్లో ఒకటైన ట్యాక్రోలిమస్ బీటా కణాలకీ కిడ్నీలకీ చేటే. ఫంగస్‌కి వాడే ఫ్లుకొనజోల్ తోడైతే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. టీబీకి రిఫాంపిసిన్ మొదలెడితే మోతాదు పడిపోయి ఐలెట్లు పోయే ప్రమాదం. మన దగ్గర టీబీ పరీక్ష ముందే చేయించాలి.

అమెరికా కంపెనీ వర్టెక్స్ వాళ్ల జిమిస్లెసెల్ స్టెమ్ సెల్స్ నుంచి ల్యాబ్‌లో పెంచిన ఐలెట్లు. 2025లో వచ్చిన ఫలితాల్లో, పూర్తి డోసు ఒకేసారి తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది నాటికి ఇన్సులిన్ ఆగింది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు మాత్రం ఉన్నాయి. ఆ మందుల్లేకుండా చూసింది స్వీడన్‌లోని ఉప్సలాలో: జన్యువులు మార్చిన దాత ఐలెట్లని ఒక రోగి ముంజేతి కండరంలో పెట్టారు. బతికాయి, ఇన్సులిన్ చేశాయి. డోసు చిన్నది కాబట్టి ఆయన ఇంజెక్షన్లు ఆగలేదు.

సూదిమందు:
ఆ క్లినిక్‌ని మూడే అడగండి: కణాలు ఎక్కడివి, కిలోకి ఎన్ని ఐలెట్లు, ముందూ తర్వాతా సి-పెప్టైడ్ (శరీరం సొంతంగా ఇన్సులిన్ చేస్తోందో లేదో చెప్పే రక్తపరీక్ష) ఎంత. కొవ్వులోంచో ఎముక మజ్జలోంచో తీసిన కణాలైతే అవి బీటా కణాలు కావు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) తగ్గిందని కాగితం చూపిస్తే లెక్కలోకి తీసుకోకండి, అది తిండి మార్చినా తగ్గుతుంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం షుగర్‌కి స్టెమ్ సెల్స్ ట్రయల్‌లోనే ఇవ్వాలి, ట్రయల్‌కి డబ్బు తీసుకోకూడదు. దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ నంబర్ లేదంటే లేచి వచ్చేయండి.

హైదరాబాద్‌లో ఐలెట్ మార్పిడి జరిగిందని ఎవరైనా అంటే, అది దీర్ఘకాలిక ప్యాంక్రియాటైటిస్‌కి (క్లోమం వాపు) క్లోమం తీసేసి, సొంత ఐలెట్లే తిరిగి ఎక్కించడం. టైప్ 1కి పనికిరాదు, తీసి పెట్టడానికి పనికొచ్చే బీటా కణాలే మిగలవు.

ముందు రాత్రీ పగలూ షుగర్ చూస్తుండే సీజీఎం సెన్సర్ పెట్టించి అలారం 80 దగ్గర ఉంచండి, డోసులు డాక్టరుతో సరిచేయించండి. కొన్ని వారాలు లో కాకుండా ఆపగలిగితే చాలామందికి ఆ చెమట, వణుకు మళ్లీ తెలుస్తాయి.