అప్‌డేట్: గిటారా, కోడింగా, ఒడియా లిపా?

ఖాళీ సాయంత్రాల్లో ఏం నేర్చుకోవాలని మొన్న జనవరిలో అడిగాను కదా, ఒడియా లిపే పట్టుకున్నాను. గిటార్ చెప్పినవాళ్లు ఏమీ అనుకోవద్దు. ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి, ఒడియా గడగడా మాట్లాడుతూ, చదివింది తెలుగు మీడియం కావడంతో బస్సు బోర్డు పక్కవాళ్లను అడగాల్సి రావడం చాలా బాధగా ఉండేది.

రోజుకు అరగంట, నాలుగు అక్షరాలు. ఒడియా 'ఠ' అచ్చం మన సున్నలా ఉంటుంది. 'పాఠ' అనే మాటను వారం రోజులు 'పాం' అనే చదివాను. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) బొగ్గుముక్కతో అరుగు మీద రాసి దిద్దించింది. ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారని గుర్తొస్తే ఓపిక వచ్చేది.

మొన్న బస్టాండులో 'గుణుపుర' అని నేనే చదువుకుని ఎక్కాను. అమ్మ రేషన్ కార్డు కూడా చదివి వినిపించాను. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నాను, వచ్చే నెలంతా వాటికే.