చుక్క చిట్లడం వేరు, ఇగరడం వేరు

ప్రశ్న: వేగంగా వీచే గాలిలో ద్రవపు చుక్క ముక్కలై ఆవిరైపోవడాన్ని, అదే అటామైజేషన్‌ని, 'పరమాణీకరణ' అనొచ్చా?

జవాబు: వద్దండీ. అక్కడ పరమాణువుల ఊసే లేదు, నీటి అణువు కూడా విరగదు. 'తుంపర చేయడం' అంటే ఏ మెకానిక్‌కైనా తెలుస్తుంది. అసలు తంటా ఏమిటంటే, మీరు రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేశారు.

మొదటిది చిట్లడం. గాలి చుక్కని నొక్కుతుంది, తలతన్యత దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ రెండింటి నిష్పత్తే వెబర్ సంఖ్య, అది సుమారు 12 దాటిందా, నీటి చుక్క ఇక నిలవదు. 3 మి.మీ. చుక్కకైతే గాలికీ దానికీ వేగంలో గంటకు 55 కి.మీ. తేడా ఉంటే చాలు. ముందు చదునవుతుంది, తర్వాత నడిమి భాగం గాలివాలుకి ఉబ్బి పల్చటి పొరై, టప్పున చిట్లి సన్నటి తుంపరగా లేచిపోతుంది, అంచున మిగిలిన మందపాటి వలయం కాస్త ఆగి పెద్ద బొట్లుగా తెగుతుంది. దీన్ని బ్యాగ్ బ్రేకప్ అంటారు. నేనైతే 'తిత్తి చిట్లడం' అంటాను, సంచి అంటే కూరగాయలు గుర్తొస్తాయి. గాలి ఇంకా జోరైతే తిత్తి కట్టే వ్యవధి కూడా ఉండదు, అంచుల నుంచి పొరలు పొరలుగా ఒలిచేస్తుంది.

రెండోది ఇగరడం, రొయ్యల ఇగురులో ఉన్న మాటే. ఇది వేడి, తేమల వ్యవహారం. 1 మి.మీ. చుక్క 10 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో వందో వంతు, తుంపరైతే 10 లక్షల చుక్కలవుతాయి, మొత్తం ఉపరితలం 100 రెట్లవుతుంది. చుక్క ఇగిరే సమయం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒక్కోదానికి దాదాపు పదివేలో వంతు సమయం చాలు. డీజిల్ ఇంజెక్టర్ అంత సన్నగా చిమ్మేది ఇందుకే.

– మాస్టారూ, మరి బీచ్ రోడ్డులో మన బళ్ల అద్దాల మీద తెల్లగా పేరుకునేది చిట్లిందా, ఇగిరిందా?

– రెండూనమ్మా. కెరటం రాళ్లకి కొట్టుకుని, నురగ బుడగలు పగిలి పుట్టిన తుంపర అది. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ కదా, దారిలో పూర్తిగా ఇగరదు. చిక్కటి ఉప్పుబొట్టుగా వచ్చి అద్దానికి అతుక్కుని, ఎండెక్కాక అక్కడే ఆరుతుంది. పొద్దున్నే వేలు పెడితే జిగురు, మధ్యాహ్నానికి గరుకు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫాను లాంటి గాలికైతే రాళ్లూ అక్కర్లేదు, సముద్రం పైపొరే తిత్తులు కట్టి చిట్లుతుంది.