కందుకూరి ఇంటిపేరు: ఏ కందుకూరు నుంచి వచ్చినట్టు?

ప్రశ్న: మా ఇంటిపేరు కందుకూరి. ముత్తాతగారి కాలం నుంచీ గోదావరి వైపే ఉన్నాం, అంతకుముందు సంగతి చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో మిగల్లేదు. మ్యాప్‌లో చూస్తే ఒంగోలు దిగువన ఒక కందుకూరు, రంగారెడ్డి జిల్లాలో ఇంకోటి. ఒంగోలు వైపు ఊళ్లో తెలిసినవాళ్లతో అడిగిస్తే ఈ ఇంటిపేరు వాళ్లెవరూ తగల్లేదన్నారు. ఇక ఎలా తేల్చుకోవాలి?

జవాబు: అందుకు నిరాశపడకండి. ఊరి పేరు ఇంటిపేరయ్యేది మామూలుగా ఆ ఊరు వదిలాకే. కందుకూరులో అందరూ కందుకూరు వాళ్లే, ఎవర్నని అలా పిలుస్తారు? కొత్త ఊళ్లో దిగాక కందుకూరి వారవుతారు. వీరేశలింగం గారు కందుకూరి వారే, పుట్టింది మాత్రం 1848లో రాజమండ్రిలో.

కాబట్టి మ్యాప్ పక్కనపెట్టి మీ ఇంట్లోంచే ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. అన్నిటికన్నా పనికొచ్చేది పాత దస్తావేజు: రాసిచ్చినవాళ్లు, రాయించుకున్నవాళ్లు ఎవరి కుమారులో, ఏ ఊరి కాపురస్తులో మొదటి వరసల్లోనే ఉంటుంది, అందులో వేరే ఊరు కనిపించిందంటే మీ వాళ్లు ఒక మజిలీ ముందు ఉన్నది అక్కడే అనుకోవచ్చు. ఇనాం భూమి ఉండేదని విని ఉంటే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ తప్పక చూడండి, ఎవరి అనుభవంలో ఉందో, మొదట ఎవరిచ్చారో రాసి ఉంటుంది. ఒకవేళ తెలంగాణ వైపు తేలితే అక్కడి పాత భూమి రికార్డులైన సేత్వార్, ఖాస్రా పహాణీ అడగాలి. ఇంకోటి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు వైపు కందుకూరు నెల్లూరు జిల్లాలోది, పాత కాగితాల్లో నెల్లూరు అని ఉంటే కంగారుపడకండి.

ఇంకొకరి జవాబు: మేనత్తల వైపు అడిగారా? పుట్టింటి ఇలవేల్పు ఎవరో, మొక్కుబడికి ఏ ఊరు వెళ్లేవారో ఆడపడుచులకే బాగా గుర్తుంటుంది. అదే ఇంటిపేరు కనిపించగానే చుట్టరికం మాత్రం కలిపేసుకోకండి, ఒకే ఇంటిపేరు చాలా కులాల్లో ఉంటుంది. గోత్రం, ఇలవేల్పు, పాత ఊరు మూడూ కలిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. పెదనాన్నగారి ట్రంకుపెట్టెలో స్టాంపు కాగితాలున్నాయి, కానీ అంతా గొలుసుకట్టు రాత, ఒక్క ముక్క అర్థం కావట్లేదు.

జవాబు: రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర వయసు మళ్లిన దస్తావేజు లేఖరి ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి, అలవాటున్నవాళ్లు గడగడా చదివేస్తారు. మడతలు మెల్లగా విప్పి రెండు వైపులా ఫోటో తీసి అవే చూపించండి, అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి.