లూప్‌లోకి ఇంజిన్ వెళ్లగానే షార్ట్, సాయం చేయండి

మా అబ్బాయి, నేను కలిసి 8×4 అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ కడుతున్నాం. ఆర్డునో మెగా అనే చిన్న కంట్రోలర్ బోర్డు, పట్టాలకు కరెంటిచ్చే మోటార్ షీల్డ్‌తో డీసీసీ కంట్రోల్ (పట్టాల ద్వారానే ఇంజిన్‌కి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి). మెయిన్ లైన్ మీద ఇంజిన్ చక్కగా నడుస్తోంది. చిక్కంతా బండి తిరిగొచ్చే లూప్ దగ్గరే. అక్కడ ఎడమ పట్టా చుట్టి వచ్చి కుడి పట్టాకే తగులుతుంది కదా, అందుకని రెండు చివర్లా రెండు పట్టాలూ కోసి, ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి, ఆటో రివర్సర్ (షార్ట్ పసిగట్టి లూప్ పట్టాల పోలారిటీని దానంతటదే తిప్పే పరికరం) బిగించాను. అయినా చక్రం ఆ కోత మీదికి రాగానే చిన్న నిప్పురవ్వ, వెంటనే మొత్తం కరెంటు కట్.

రివర్సర్ మారేలోపే షీల్డ్ ట్రిప్ అవుతోందని నా అనుమానం. షీల్డ్ ఛానెల్‌కి 2 ఆంపియర్లే ఇస్తుంది. రివర్సర్ ట్రిప్ కరెంటు (ఎంత కరెంటు దాటితే అది మారాలో ఆ హద్దు) ఎంతకు తగ్గించాలి?

ఇంకోటి, లైట్లున్న ఐదు పెట్టెలు తగిలిస్తే బండి లూప్ కన్నా పొడవు. రెండు కోతల మీదా ఒకేసారి ఇనుప చక్రాలు పడితే రివర్సర్ పనిచేస్తుందా? లూప్ పెంచక తప్పదంటే చెప్పండి, కంకర అతికించకముందే పట్టా పీకేస్తాం.