మ్యూజియం ఫోటోగ్రఫీ విభాగంలో ఇంటర్న్‌షిప్: తాతగారి స్టూడియోలో నేర్చుకున్నది పనికి వస్తుందా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఉంటాను. ఈ ఏడాదే చరిత్రలో ఎం.ఏ. పూర్తిచేశాను. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ సంస్థ పట్టభద్రులకు ఇచ్చే ఇంటర్న్‌షిప్‌లలో, అక్కడి మ్యూజియం ఫోటోగ్రఫీ విభాగానికి దరఖాస్తు చేయాలని నిశ్చయించుకున్నాను. ఆ విభాగం 1984లో ఏర్పడింది. ఫెలీచే బియాటో 1858లో లక్నోలో తీసిన ఫోటోలు ఆ సేకరణలో ఉన్నాయని తెలిసిన రోజున నాకు నిద్రపట్టలేదు. 1857 గురించి తరగతిలో రెండేళ్ళు చదివిన నాకు, ఆ కూలిన గోడలను అప్పటి కాగితం మీదే చూడవచ్చన్న ఊహ ఎప్పుడూ రాలేదు.

మా తాతగారు మూడు లాంతర్ల సమీపంలో ముప్పయ్యేళ్ళకు పైగా ఫోటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక స్టూడియో మూసేశాం కాని, ఏడు చెక్కపెట్టెల గాజు నెగటివ్‌లు, ఫిల్మ్ నెగటివ్‌లు మా అటక మీద అలాగే ఉన్నాయి. నేను కూడా సెలవుల్లో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీశాను. వాటిలో మంచివి ఇరవై ఏరి దరఖాస్తుతో పంపాలనుకుంటున్నాను. ఈ అనుభవాన్ని వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారా? చదువు పూర్తయిపోయినవారికి వీసా విషయంలో ఇబ్బంది ఉంటుందా? మా అమ్మ మాత్రం, "ఫోటోలు తీయడానికి అంత దూరం పోవడమెందుకు, మన ఊళ్ళో తీయకూడదా" అని అడుగుతోంది, ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోతున్నాను.

మరో సంగతి. ఒక పెట్టె తెరిచేసరికి వెనిగర్ లాంటి పుల్లని వాసన గుప్పుమంది. అది దేనివల్లో తెలిసినవారు చెప్పగలరు.


సమాధానం 1 (నరసన్నపేట వాసి, ఇలాంటి విభాగంలో ఒక ఏడాది పనిచేసినవారు)

మీ అమ్మగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది. మ్యూజియం ఫోటోగ్రఫీ విభాగంలో ఫోటోలు తీయరు. మ్యూజియంలోని విగ్రహాలనూ చిత్రాలనూ కెమెరాతో నమోదుచేసే స్టూడియో వేరుగా ఉంటుంది. మీరు చెబుతున్న విభాగం ఫోటోలను సేకరించి, కాపాడి, పరిశోధించి, ప్రదర్శించే విభాగం. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం శాలిహుండాన్ని తలచుకోండి. అక్కడి మ్యూజియంలో విగ్రహమే వస్తువు, దాన్ని తీసిన ఫోటో కేవలం ఒక నమోదు. మీరు వెళ్ళాలనుకుంటున్న విభాగంలో ఆ ఫోటోయే వస్తువు, దాని కాగితం, దాని వెనుక రాత, దాని మూలన పడిన మరకతో సహా. కనుక ఇరవై పెళ్ళి ఫోటోలు ఎంత బాగున్నా, మీ ఎంపికను నిర్ణయించేవి అవి కావు.

నేను చేసిన పని ఎలా ఉండేదో చెబుతాను. మొదటి నెలంతా నా బల్ల మీద ఉన్నవి ఒక భూతద్దం, ఒక మెత్తని పెన్సిలు, నైట్రైల్ చేతితొడుగులు, ఒక ఖాళీ పట్టిక మాత్రమే. ఒక్కొక్క ఫోటోను బయటికి తీసి, తీసినవారి పేరు, కాలం, పద్ధతి, కొలతలు, మ్యూజియంలో చేరిన సంఖ్య, ఏ మూల చిరిగింది, ఎక్కడ బూజు పట్టింది, ఎక్కడ వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తోంది అన్నవన్నీ రాయాలి. వీటిలో పద్ధతిని గుర్తించడం దగ్గర నేను ఎక్కువ రోజులు తడబడ్డాను. సాల్ట్ ప్రింట్‌లో బొమ్మ కాగితంలోకే ఇంకి ఉంటుంది కనుక భూతద్దం కింద కాగితపు నారలు స్పష్టంగా కనిపిస్తాయి. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్రార్ పరిచయం చేసిన ఆల్బుమెన్ ప్రింట్‌లో కోడిగుడ్డు తెల్లసొన పొర ఒకటి పైన ఉంటుంది, దాని మెరుపు కింద నారలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. మీ తాతగారి కాలపు బ్రోమైడ్ కాగితంలో బొమ్మ ఉన్న జెలటిన్ పొరకూ కాగితానికీ నడుమ బేరియం సల్ఫేటు పూత ఉండటంవల్ల నారలు అసలు కనిపించవు. ఇంత తేలికగా చెప్పాను కాని, పసుపు తిరిగిన పాత ప్రింటు ముందు కూర్చున్నప్పుడు ఇది అంత తేలిక కాదు.

ఆ తర్వాతి నెలల్లో ఒక ప్రదర్శనకు సంబంధించిన పని అప్పగించారు. ఏ ఫోటో ఎంతకాలం గోడ మీద ఉండవచ్చో లెక్కవేయడం అందులో ఒక భాగం. పందొమ్మిదో శతాబ్దపు ప్రింట్లను సాధారణంగా 50 లక్స్‌కు మించని వెలుగులోనే ఉంచుతారు, కొన్ని నెలలు చూపించాక ఏళ్ళ తరబడి చీకటిలో విశ్రాంతినిస్తారు, ఎందుకంటే వెలుగువల్ల కలిగిన నష్టం చీకటిలో పెట్టినంత మాత్రాన పూడదు. మిగిలిన సమయమంతా గ్రంథాలయంలో గడిచేది. నాలుగు వాక్యాల వివరణ ఒకటి రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

వీసా విషయం. అమెరికా జె-1 వీసాలో ఇంటర్న్ అన్న తరగతికి, విదేశంలో చదువుతూ ఉన్నవారు గాని, చదువు ముగించి 12 నెలలు దాటనివారు గాని అర్హులు. ఆ గడువు దాటితే ట్రైనీ అన్న తరగతి ఉంది, దానికి డిగ్రీతోపాటు అదే రంగంలో ఏడాది అనుభవం కావాలి. మీది ఈ ఏడాదే పూర్తయింది కనుక, ఇంటర్న్‌షిప్ మొదలయ్యే తేదీకి మీ 12 నెలలు మిగిలి ఉంటాయో లేదో ముందుగా చూసుకుని, సందేహముంటే వారికే రాసి అడగండి. ఈ ఒక్క లెక్క చూసుకోక ఒక ఏడాది పోగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును.


సమాధానం 2 (శ్రీకాకుళం నుంచి, నలభై ఏళ్ళు స్టూడియో నడిపి విరమించినవారు)

అమ్మా, అమెరికా సంగతి పై సమాధానంలో బాగా చెప్పారు. నేను పెట్టె సంగతి చెబుతాను, అది ముందు చూడవలసినది.

ఆ పుల్లని వాసన అసిటేట్ ఫిల్ములది. ఫిల్ము ఆధారం విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆవిరి పక్కనున్న మంచి ఫిల్మును కూడా అదే దారి పట్టిస్తుంది. కాబట్టి ఈరోజే ఆ పెట్టెను మిగిలిన ఆరింటికీ దూరంగా, గాలి ఆడే చోట పెట్టండి. అటక మీద మాత్రం వద్దు, మన ఎండలకు పెంకుటింటి అటక పొయ్యితో సమానం. ఫిల్ముల అంచున సేఫ్టీ అన్న అక్షరాలున్నాయేమో చూడండి. ఆ అక్షరాలు లేకుండా, రంగు గోధుమగా తిరిగి, జిగటగా ఉన్న ఫిల్ములు కనబడితే అవి నైట్రేట్ ఫిల్ములు కావచ్చు. వాటికి త్వరగా నిప్పంటుకుంటుంది, వాటి దగ్గర దీపం, అగరువత్తి ఏదీ వద్దు. గాలి చొరకుండా బిగించి మూయడం కూడా ప్రమాదమే.

గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చవద్దు. పొడవాటి అంచు మీద నిలబెట్టి, ఒక్కొక్కదాన్ని శుభ్రమైన కాగితపు కవరులో ఉంచాలి. పగిలినవాటిని మాత్రం అట్ట మీద పడుకోబెట్టాలి. మందు (బొమ్మ నిలిచే పొర) పూసిన వైపును తడిగుడ్డతో గాని, స్పిరిటు దూదితో గాని ఎన్నటికీ తుడవవద్దు. ప్లాస్టిక్ కవర్లు దొరికాయి కదా అని పి.వి.సి. కవర్లలో పెట్టవద్దు, అవి కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదులుతాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా స్టూడియో వెనుకగది రేకులు లేచిపోయి, ప్రింట్ల కట్టలన్నీ తడిసిపోయాయి. నేను తొందరలో వాటిని కట్టలుగానే ఎండలో పెట్టాను. జెలటిన్ ఒకదానికొకటి అతుక్కుని, రాయిలాగా గట్టిపడింది. తడి ఆరకముందే చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, ఒక్కొక్కటిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టవలసిందని తర్వాత తెలిసింది. నా పెళ్ళి ఫోటో కూడా ఆ కట్టల్లోనే ఉంది. అందుకే మీ పెట్టెల సంగతి చదివాక ఊరుకోలేకపోయాను.

ఇంకొకటి అడుగుతాను. మీ తాతగారు రిజిస్టరు రాసేవారా? మేమందరం రాసేవాళ్ళం. వరుస సంఖ్య, తేదీ, పేరు, ఊరు, పలక పరిమాణం ఫుల్ ప్లేటా హాఫ్ ప్లేటా, ఎన్ని కాపీలు, ఎంత అడ్వాన్సు. ఆ పుస్తకం దొరికితే పెట్టెల కంటే ముందు దాన్ని భద్రం చేయండి. పలక మీద మూలన గీసిన సంఖ్యకు ఆ పుస్తకంలో ఒక మనిషి ఉంటాడు.


ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పెట్టెను వరండాలోకి మార్చాను. రిజిస్టర్లు మూడు దొరికాయి. ఒకటి సగం చెదలు తినేశాయి, మిగిలిన రెండూ బాగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని పాత బాకీ పుస్తకాలనుకున్నాం. పెళ్ళి ఫోటోలను దరఖాస్తు నుంచి తీసేశాను. నా వ్యాసం మొదటి వాక్యం, "చిన్నప్పటి నుంచి నాకు ఫోటోగ్రఫీ అంటే ప్రాణం" అని ఉంది. దాన్ని అలాగే ఉంచవచ్చా?


సమాధానం 3 (బొబ్బిలి నుంచి, చరిత్ర అధ్యాపకులు)

ఆ వాక్యం తీసేయండి. అది అబద్ధమని కాదు, దరఖాస్తు చేసే ప్రతివారికీ అది నిజమే. దాని స్థానంలో మీ పెట్టెల్లోని ఒకే ఒక్క పలకను తీసుకుని, దాని గురించి ఒక పేజీ రాయండి. కొలత ఎంత, ఏ స్థితిలో ఉంది, రిజిస్టరులో ఏమి రాసి ఉంది, తెర మీద చిత్రించినది ఏమిటి, కూర్చున్నవారు ఏ నగ పెట్టుకున్నారు, ఆ పల్లకీబొమ్మో మేడబొమ్మో విజయనగరపు మధ్యతరగతికి ఎందుకు కావలసివచ్చింది. చరిత్ర చదివినవారు చేయగలిగిన పని అది. అటువంటి పేజీ ఒకటి చదివినప్పుడు, ఈమెకు భూతద్దం అందిస్తే పని చేయగలదని వారికి అర్థమవుతుంది. నా విద్యార్థుల వ్యాసాలు పదిహేనేళ్ళుగా దిద్దుతున్న అనుభవంతో చెబుతున్నాను, ఇష్టాన్ని ప్రకటించిన పేజీల కంటే ఒక వస్తువును తేరిపార చూసిన పేజీయే ఎప్పుడూ గుర్తుంటుంది.

మొదటి సమాధానంలో ఒక మాటతో నేను కొంత విభేదిస్తాను. మీరు తీసిన ఫోటోలు నిర్ణయాన్ని మార్చకపోవచ్చు కాని, తీసిన అనుభవం వృథా కాదు. వెలుతురు ఏ వైపు నుంచి పడిందో, కూర్చున్న మనిషి ఎందుకు బిగుసుకుపోయాడో కెమెరా వెనుక నిలబడినవారికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. దాన్ని ఆ పేజీలో ఒక వాక్యంగా వాడుకోండి.

ఒక్క చోటికే దరఖాస్తు చేసి ఎదురుచూడవద్దని నా సలహా. బెంగళూరులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ 2023లో తన భవనాన్ని ప్రజలకు తెరిచింది. ఢిల్లీలో అల్కాజీ ఫౌండేషన్‌కు పందొమ్మిదో శతాబ్దపు భారతీయ ఫోటోల పెద్ద సేకరణ ఉంది. ఆరవ నిజాం దగ్గర రాజా బిరుదు పొందిన దీన్ దయాళ్ తీసిన గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఇంకా చదవాలనుకుంటే, బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ శాఖ 1952 నుంచి నడుస్తోంది. ఎక్కడికి రాసినా భృతి ఇస్తారా లేదా అని మొదటి ఉత్తరంలోనే మర్యాదగా అడగండి. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవారు మాత్రమే నేర్చుకునే విద్యగా ఇది మిగలకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పలకలను స్కాన్ చేసి అంతర్జాలంలో పెట్టే ముందు ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేని పక్షంలో, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. పలక మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన బొమ్మ మీద హక్కు మీదని చెప్పలేం. పైగా 2012 సవరణ ఫోటోలకు ఉన్న ప్రత్యేక గడువును తొలగించి, ఇతర రచనలకు ఉన్నట్లే కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు అన్న గడువును వాటికీ వర్తింపజేసింది. చట్టం ఎలా ఉన్నా, ఆ ముఖాల మనవలూ మనవరాళ్ళూ మీ వీధిలోనే ఉండవచ్చు. వాళ్ళను అడగడం మంచిది, అడిగితే కథ కూడా చెబుతారు.


ప్రశ్న అడిగినవారి జవాబు

మాస్టారూ, ఒక హాఫ్ ప్లేటును ఎంచుకున్నాను. వీణ ఒళ్ళో పెట్టుకున్న పదిహేనేళ్ళ అమ్మాయి. రిజిస్టరులో పేరు లేదు, "బొబ్బిలి వారి అమ్మాయి, మూడు కాపీలు" అని మాత్రమే ఉంది. అయితే ఆమె ముఖం మీద సన్నని గీతలు కొన్ని ఉన్నాయి, తల చుట్టూ ఎర్రని మరక ఉంది. ఇది పాడైపోయిన పలకేమోనని దిగులుగా ఉంది. వేరేది ఎంచుకోవాలా?


సమాధానం 2 ఇచ్చినవారు మళ్ళీ

వేరేది వద్దమ్మా. అది పాడైన పలక కాదు. ఆ సన్నని గీతలు పెన్సిలువి. మందు పూసిన వైపు కొద్దిగా వార్నిష్ రాసి, బాగా చెక్కిన పెన్సిలు మొనతో కంటి కింది నీడనూ మొటిమలనూ పూడ్చేవాళ్ళం. నెగటివ్‌లో గీత పడిన చోట ప్రింట్‌లో తెల్లబడుతుంది. తల చుట్టూ ఉన్న ఎరుపు కూడా మరక కాదు, వెనుక తెర కనబడకుండా కుంచెతో వేసిన రంగు. కాగితానికి ఎరుపు వెలుగు సోకదు కనుక ఆ భాగం ప్రింట్‌లో తెల్లగా మిగులుతుంది, అమ్మాయి ఒక్కతే నిలుస్తుంది. ఆ గీతల ఒరవడిని చూస్తే మీ తాతగారు కుడి నుంచి గీసేవారో ఎడమ నుంచి గీసేవారో కూడా చెప్పవచ్చు. మీ పేజీలో ఇది రాయండి.

పలకను మాత్రం శ్రీకాకుళం తీసుకురావాలని చూడవద్దు, బస్సు కుదుపులకు గాజు ఆగదు. ఆదివారం నాకు తీరికే. నా పాత లైటుపెట్టె పట్టుకుని నేనే విజయనగరం వస్తాను.